సీలు బాబాయ్ ముందుగా పుట్టిన వైనం

మనిషి పుట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పరిపాలనలో ఇంతవరకు పూడ్చలేకపోయిన పెద్ద లోపం ఇదే. పుట్టాక పేరుకీ, బడికీ, ఇంటికీ, చివరికి పోవడానికీ ఏదో ఒక కిటికీ ముందు నిలబడాల్సిందే గాని, ఆ మొదటి పని మాత్రం ప్రతివాడూ ఎవరినీ అడక్కుండా కానిచ్చేసుకుని వచ్చాడు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి నీటి మీటర్ల పరీక్షా కార్యాలయం చేసిన కృషి చరిత్రలో నిలవదగినది. ఆ చరిత్ర రాసింది డ్రాఫ్టు అక్క.

డ్రాఫ్టు అక్క ఉత్తర ప్రత్యుత్తరాల విభాగంలో అందరికన్నా పాత మనిషి. ఆమె అసలు పేరు జీతాలిచ్చే రోజున తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. ఎలాంటి ఉత్తరానికైనా జవాబు రాయగలదు. మీటరు తిరగడం లేదని ఫిర్యాదు వస్తే, అలా తిరగకపోవడం వల్ల ఫిర్యాదుదారుకు ఇప్పటిదాకా కలిగిన మేలును గుర్తుచేస్తూ ఎంత మర్యాదగా రాసేదంటే, చదివినవాడు క్షమాపణ చెప్పుకునేవాడు. రాసిన దాంట్లో నిజమెంత అని ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె కూడా తనను తాను ప్రశ్నించుకోలేదు. వాక్యం నున్నగా జారిందా లేదా అన్నదే ఆమె పట్టింపు.

కార్యాలయం కింది అంతస్తులో పరీక్షల హాలు ఉంది. పొడవాటి బల్లల మీద మీటర్లను వరసగా బిగించి, వాటిలోంచి నీళ్లు వదిలి, అవతల డ్రమ్ములో పట్టి, మీటరు చెప్పినదీ డ్రమ్ము చెప్పినదీ ఒకటేనా అని చూస్తారు. (ఒకటి కాకపోతే డ్రమ్మును అనుమానించడం ఆనవాయితీ.) నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది; పంట్లాం మడత పెట్టుకోకుండా లోపలికి వెళ్లినవాడు కొత్తవాడని తెలిసిపోతుంది. చివరి బల్ల దగ్గర సీలు బాబాయ్ కూర్చుంటాడు. పాసైన మీటరు మరమేకుల రంధ్రాల్లోంచి రాగి తీగ దూర్చి, మెలిపెట్టి, దాని మొనకు సీసపు బిళ్ల పెట్టి శ్రావణం అనే పట్టకారుతో ఒక్క నొక్కు నొక్కుతాడు. ఆ తర్వాత ఆ మీటరును విప్పాలంటే సీలు పగలాల్సిందే. హాలు వెనక ఉన్న ఒంటిగది క్వార్టర్లో ఆయనా, భార్యా, నర్సు చదువు చదివే కూతురూ ఉంటారు. కూతురి ఆసుపత్రి గోడ, వీళ్ల కిటికీ ఎదురెదురుగా ఉంటాయి. డ్యూటీ దిగిన పిల్ల వీధి చుట్టి రాకుండా గోడ పక్క సందులోంచి ఇంటికొచ్చేస్తుంది. చదువు పూర్తవడానికి ఇంకా ఏడాది ఉంది. బాబాయ్ రిటైరవడానికీ ఏడాది పైచిలుకే ఉంది. ఆ ఇంట్లో వేసుకున్న లెక్క అదొక్కటే.

ఇక పుట్టినరోజుల సంగతి. ఆ కార్యాలయంలో సగంమంది ఒకే రోజున పుట్టారు. తల్లులు ముందుగా అనుకుని కన్నారని కాదు. పుట్టిన తేదీ తెలియని పిల్లలందరికీ మాస్టార్లు బడి తెరిచిన రోజునే పుట్టినరోజుగా రాసి ఒక పని అయిపోయిందనిపించేవారు. డిప్యూటీ డైరెక్టరు గారు కూడా ఆ రోజునే పుట్టారు. అందువల్ల ఆ రోజున తెచ్చే ఒకే ఒక్క కేకు మీద హోదా ప్రకారం ఆయన పేరే ఉండేది. మీటర్లను పక్కకు జరిపి, తడి బల్ల తుడిచి, కేకు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, డిప్యూటీ గారు ఊదితే, అందరూ తలో రాగంలో పాడేవారు. సీలు బాబాయ్ వెనక వరసలో నిలబడి తన పుట్టినరోజుకు తనే చప్పట్లు కొట్టి, డిప్యూటీ గారికి శుభాకాంక్షలు చెప్పి, కాగితం ముక్కలో వచ్చిన వాటాను ఇంటికి పట్టుకెళ్లేవాడు.

డ్రాఫ్టు అక్కకు ఇది చూసినప్పుడల్లా మనసు చివుక్కుమనేది. కాని దానికి ఎవరూ ఉత్తరం రాయలేదు కాబట్టి ఆమె జవాబూ రాయలేదు.

అంతా ఇలా సాగుతుండగా ఒక ఏడు డిప్యూటీ గారు జలుబుతో పుట్టినరోజు జరుపుకున్నారు. కొవ్వొత్తి ఒక్క ఊపిరికి ఆరలేదు. రెండోసారి, మూడోసారి ఊదారు. అందరూ ఆ కేకే తిన్నారు. మర్నాటి నుంచి వారం పాటు హాల్లో మీటర్లే కాదు, అందరి ముక్కులూ కారాయి. మీటర్లే నయం అనిపించారు. పరీక్షలు ఆగిపోయాయి. పై ఆఫీసు నుంచి సంజాయిషీ నోటీసు వచ్చింది: ఏ ఉత్తర్వును అనుసరించి కొవ్వొత్తి ఊదడమైనది?

ఉత్తర్వు లేదు. డిప్యూటీ గారు నీళ్లు నమిలి, అది ఆచారమని రాయించారు. పై ఆఫీసు ఒప్పుకుంది. అయితే ఆచారానికి మూలం ఉండాలి, మూలం తెలిపే చరిత్ర పంపితే కొనసాగించవచ్చు, లేకుంటే కేకుతో సహా నిలిపివేయవలెను అంది.

డిప్యూటీ గారు డ్రాఫ్టు అక్కను పిలిచారు.

"అసలీ కొవ్వొత్తి ఎందుకు ఊదుతారమ్మా?"

"తెలీదు సార్. చిన్నప్పట్నుంచి ఊదుతూనే ఉన్నారు."

"అదే కాస్త వివరంగా రాయి."

ఆమె నిజాయితీగానే మొదలుపెట్టింది. అందరినీ అడిగింది. అకౌంట్సాయన పొగతో పాటు కోరికలు పైకి వెళ్తాయన్నాడు, వెళ్లి ఏమవుతాయంటే అది తన విభాగం కాదన్నాడు. టైపిస్టు ఇదంతా ఎవరో రాజుగారు పెట్టిందంది, ఏ రాజో చెప్పలేదు. క్యాంటీను నడిపేవాడు మాత్రం కొవ్వొత్తులమ్మేవాడూ కేకులమ్మేవాడూ వియ్యంకులై ఉంటారని తేల్చేశాడు. అదే నమ్మేలా ఉంది గాని, పై ఆఫీసుకు పంపేలా లేదు. చివరికి అక్క కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని, అలవాటైన పని చేసింది. నున్నగా రాసింది.

ఆదిమ మానవుడు నిప్పును కనిపెట్టాడు గాని ఆర్పడం కనిపెట్టలేదు. అందువల్ల చాలా ఇబ్బందులు పడ్డాడు. ఒకనాడు ఒక బాలుడు, తాను పుట్టి సంవత్సరం తిరిగొచ్చిన రోజున, నోటితో ఊది మొదటి మంటను ఆర్పాడు. గూడెమంతా చప్పట్లు కొట్టింది. ముఖానికి కేకు మీది మీగడ పూయడం మృత్యువు మనిషిని గుర్తుపట్టకుండా చేసిన ఏర్పాటు. పాట పాడటం, పంపకం మొదలవుతోందని దూరాన ఉన్నవారికి తెలియజేయడం. అందుకే శ్రుతి కన్నా గొంతు ముఖ్యం. మొదటి ముక్క పుట్టుకకు సాక్షి అయినవారికి దక్కాలి.

ఇక్కడిదాకా వచ్చేసరికి ఆమెకు వెనక వరసలో చప్పట్లు కొట్టే చేతులు గుర్తొచ్చాయి. రాగి తీగలు గీరుకుపోయిన వేళ్లు. కలం ఆగలేదు. ఆరో పేరా తయారైంది: పూర్వం పుట్టినరోజు జరుపుకునే ప్రతి వ్యక్తీ, హోదాతో నిమిత్తం లేకుండా, ముందుగా నలుగురిలో నిలబడి తన పుట్టుక కథను చెప్పుకునేవాడు. దీన్నే జన్మవృత్తాంతం అంటారు. ఆచారాలన్నింటికీ ఇదే ప్రాణం. కాలక్రమేణా లోపించింది. పునరుద్ధరించదగినది.

ఆమె ఉద్దేశం ఒక్కటే. ఏడాదికోసారైనా బాబాయ్‌ని ముందు వరసలో నిలబెట్టాలి.

చరిత్ర యథాతథంగా ఆమోదం పొంది, నియమావళి జత చేసుకుని తిరిగొచ్చింది. అగ్నిమాపక విభాగం అభ్యంతరం మేరకు కొవ్వొత్తిని వెలిగించరాదు, వెలిగినట్లు భావించవలెను. ఆరోగ్య విభాగం అభ్యంతరం మేరకు ఊదరాదు, పక్కనున్న ఉద్యోగి "ఆరినది" అని ప్రకటించవలెను. భద్రతా విభాగం కత్తిని నిషేధించినందున కేకును చెక్క స్కేలుతో కోయవలెను. (స్కేలు ఇచ్చిన విభాగానికి మీగడ తుడిచి వాపసు చేయవలెను.) ఒకే తేదీన అనేకులు పుట్టి ఉండటం వల్ల కలిగే రద్దీని నివారించడానికి, వారందరి జన్మవృత్తాంతాలను ఒక సంఘం విని, ఎవరి రోజు వారికి విడివిడిగా కేటాయించవలెను.

మొదట డిప్యూటీ గారు చెప్పారు. ఒక వర్షం కురుస్తున్న తెల్లవారుజామున తాను పుట్టానని తల్లిగారు చెప్పేవారన్నారు. ఏ ఏట, ఏ నెలలో అన్నది ఆమె గారు చెప్పలేదు. సంఘం "వర్షం" అని రాసుకుని, వర్షాలు అనేకం కావున పాత తేదీనే ఖాయం చేసింది. అనుభవమున్నవాళ్లు ఎలా పుట్టాలో ఆ రోజు అందరూ చూశారు.

సీలు బాబాయ్ వంతు వచ్చేముందు డ్రాఫ్టు అక్క చివరి బల్ల దగ్గరికెళ్లింది.

"ఏం చెప్పాలో తెలుసా బాబాయ్?"

"ఉందిలేమ్మా ఒక కథ. మా అమ్మ చెప్పేది. అంతమందిలో చెప్పుకునేదేనా అని."

"చెప్పండి. మొత్తం చెప్పండి, ఏదీ దాచుకోవద్దు. ఈ కేకు మీద మీ పేరే ఉంటుంది. నేను చూసుకుంటాను."

బాబాయ్ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఆయన భార్య పిన్ని కొంగు భుజాన కప్పుకుని గుమ్మం దగ్గర నిలబడింది. మొదలుపెట్టాక ఆగలేదు.

"మా అమ్మ పెద్ద జలాశయం కట్టేటప్పుడు మట్టి మోసింది. నేను కడుపులో ఉన్నా మోసింది. కట్ట పూర్తయి, తలుపులు దించి, మొదటిసారి నీళ్లు నింపిన రోజున సైరన్ మోగించారంట. అంత చప్పుడు అంతకుముందు వినలేదు కదా, మా అమ్మకు అక్కడికక్కడే నొప్పులొచ్చాయి. కట్ట కింద రేకుల షెడ్డులో నేను పుట్టాను. పక్కనున్న ఆడవాళ్లు నవ్వారంట, నీ కొడుకు పుట్టాడని డిపార్ట్‌మెంటోళ్లు సైరన్ కొట్టారే అని. మా అమ్మ నిజమే అనుకుంది. చనిపోయేదాకా అదే చెప్పింది. నేను ఈ డిపార్ట్‌మెంటులోనే చేరితే, వాళ్లు నిన్ను అప్పుడే పిలిచారురా అంది."

అందరూ చప్పట్లు కొట్టారు. ఈసారి ఆయన కొట్టలేదు, ఆయనకు కొట్టారు. డ్రాఫ్టు అక్క కళ్లు తుడుచుకుంది. తన ఆరో పేరా అంత బాగా పనిచేస్తుందని ఆమె అనుకోలేదు.

సంఘంలో ఉన్న ఇంజనీరు అందరికన్నా ఎక్కువ కదిలిపోయాడు. జలాశయం నింపిన తేదీ కట్ట మీద రాతిలో చెక్కి ఉంటుందనీ, కేకు మీద అదే వేయించడం న్యాయమనీ చెప్పి, సొంత బండి మీద వెళ్లి చూసొచ్చాడు. ఇందులో ఎవరికీ ఏ దురుద్దేశమూ లేదు. తేదీ కేకు మీద పడేలోపు, మర్యాద కోసం దాన్ని సిబ్బంది విభాగానికి కూడా తెలియజేశారు.

సిబ్బంది విభాగం కూడికలు చేసింది. రాయి ప్రకారం సీలు బాబాయ్ ఎప్పుడో రిటైరై ఉన్నాడు. అది ఆయనకూ, కార్యాలయానికీ, ఆయన సీళ్లు వేసిన మీటర్లకూ తెలియలేదంతే. వెంటనే విధుల నుంచి విరమించినట్లు, క్వార్టరు ఖాళీ చేయవలసినట్లు కాగితం వచ్చింది. పుట్టినరోజు ఏర్పాట్లు మాత్రం యథావిధిగా సాగవలెనని అదే కాగితంలో ఉంది.

డ్రాఫ్టు అక్క డిప్యూటీ గారి గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్లింది. ఉద్యోగంలో చేరాక ఇదే మొదటిసారి.

"సార్, ఆ జన్మవృత్తాంతం ఆచారం నేను కల్పించింది."

"ఏది?"

"ఆరో పేరా. అలాంటి ఆచారం ఎక్కడా లేదు. కొవ్వొత్తి కథ కూడా నాదే. ఆ బాలుడు లేడు సార్."

డిప్యూటీ గారు కళ్లద్దాలు తీసి ఆమె వైపు జాలిగా చూశారు. "పని ఎక్కువైందమ్మా నీకు. పై ఆఫీసు ఆమోదించిన విషయం కల్పితం ఎలా అవుతుంది? అన్ని కార్యాలయాలకూ అదే పంపుతున్నారు. ఆ బాలుడి బొమ్మ గీయిస్తున్నారు కూడా."

"బాబాయ్ చెప్పింది కూడా కథే సార్. వాళ్లమ్మ ముద్దుగా చెప్పుకున్న మాట. దాంతో ఉద్యోగం ఎలా తీసేస్తారు?"

"మనం తీయలేదు. ఆయన ముందుగా పుట్టారు." కాస్త మెత్తగా అన్నారు. "అప్పీలు పెట్టుకోమను. తల్లి చెప్పింది నిజం కాదని తనే రాసివ్వాలి. నువ్వే రాసిపెట్టు, బాగా రాస్తావు."

సాయంత్రం ఆమె హాలు వెనక గదికి వెళ్లింది. మంచం కింద నుంచి పెట్టె బయటికి లాగి ఉంది. పిన్ని గిన్నెలు సర్దుతోంది. బాబాయ్ శ్రావణాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. అది వాపసు చేయాల్సిన వస్తువు.

అక్క సంగతి చెప్పింది. బాబాయ్ తల అడ్డంగా ఊపాడు.

"మా అమ్మ అబద్ధమాడిందని నేను రాసివ్వలేనమ్మా."

"అబద్ధం అనక్కర్లేదు బాబాయ్. పొరపాటు పడిందని రాద్దాం."

"నన్ను కన్న రోజు గురించి మా అమ్మ పొరపాటు పడిందా? డిపార్ట్‌మెంటు పడలేదా?"

పిన్ని గిన్నె కింద పెట్టి ఇటు తిరిగింది. "నాకు చెప్పినప్పుడు సైరన్ లేదు. పెళ్లైన కొత్తలో ఉత్త విజిలే అంది అత్తయ్య. పిల్ల పుట్టాక సైరన్ అయింది. ఆ జలాశయం నిండినప్పుడల్లా మోగించేవాళ్లంట, ఏ మోతకు పుట్టారో ఎవరికి తెలుసు?"

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"మీరు సంతోషంగా ఉండేవారు కదా, ఎందుకని."

బాబాయ్ శ్రావణం నోరు తెరిచి, మూసి చూశాడు. కిటికీ అవతల ఆసుపత్రి గోడ మీద ఎండ తగ్గిపోతోంది. సందులోంచి చెప్పుల చప్పుడు వినబడి, కూతురు లోపలికొచ్చి, అందరినీ చూసి, బ్యాగు గోడకు తగిలించింది. ఆ పిల్ల మొహం చూశాక బాబాయ్ చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వమ్మా. ఎక్కడ పెట్టాలి సంతకం?"

తన తల్లి చెప్పినది ఆప్యాయతతో అల్లిన కట్టుకథ అనీ, ఆ రోజు సైరన్ మోగిందో లేదో తనకు తెలియదనీ, మోగినా తన కోసం కాదనీ ఆయన ఒప్పుకున్నాడు. అక్క ఎన్నో రాసింది గాని, ఏ వాక్యం దగ్గరా చెయ్యి ఇంత బరువెక్కలేదు. సంతకం పెట్టాక బాబాయ్ కాగితాన్ని ఒకసారి చదవమన్నాడు. చదివింది. బాగుందన్నాడు. మొహం మాత్రం గోడ వైపు పెట్టుకున్నాడు.

పుట్టినరోజు నాడు కేకు మీద బాబాయ్ పేరు ఉంది, రాతిమీది తేదీ కూడా ఉంది. వెలగని కొవ్వొత్తిని టైపిస్టు "ఆరినది" అని ప్రకటించింది. స్కేలుతో కోశారు. మొదటి ముక్క పుట్టుకకు సాక్షికి ఇవ్వాలి కనుక, సాక్షి లేనప్పుడు ఏం చేయాలో నియమావళిలో చెప్పనందున, దాన్ని అలాగే బల్ల మీద ఉంచేశారు. బాబాయ్ అందరికీ దండం పెట్టి, శ్రావణం అప్పగించి, రసీదు తీసుకున్నాడు. క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు డ్రాఫ్టు అక్క పిన్ని చెయ్యి పట్టుకుని, "పిల్ల మా ఇంట్లో ఉంటుంది. మా ముందుగది ఖాళీయే. చదువయ్యేదాకా కదలనివ్వను," అంది. పిన్ని తలాడించింది. థాంక్సు చెప్పలేదు. చెప్పకపోవడమే నయమనిపించింది అక్కకు.

ఆ కార్యాలయానికి వచ్చే అప్పీళ్లన్నీ జవాబు కోసం ఉత్తర ప్రత్యుత్తరాల విభాగానికే వస్తాయి. తన చేతిరాతలో ఉన్న అప్పీలు కొన్నాళ్లకు డ్రాఫ్టు అక్క బల్ల మీదికే వచ్చింది. నిర్ణయం పక్కన మార్జిన్‌లో ఉంది: తిరస్కరించి, మర్యాదగా తెలుపవలెను.

"ఇది వేరే ఎవరితోనైనా రాయించండి సార్," అని అడిగింది.

"ఇంకెవరికి వచ్చమ్మా ఇంత భాష?" అన్నారు డిప్యూటీ గారు.

జీవితంలో మొదటిసారి ఆమె చెడ్డగా రాయాలని కూర్చుంది. రాలేదు. చెయ్యి అలవాటు ప్రకారం నున్నగా జారిపోయింది. తల్లి మాట నమ్మదగినది కాదని అప్పీలుదారే అంగీకరించినందున, సంఘం ఇక రాతినే నమ్మవలసి వచ్చినదనీ, పుట్టిన తేదీపై అభ్యంతరమేదైనా ఉంటే పుట్టినవారు పుట్టిన ముప్పై రోజుల్లోగా స్వయంగా హాజరై దాఖలు చేసుకోవలసి ఉండగా, అప్పీలుదారు ఆ గడువును వినియోగించుకోలేదనీ రాసింది. చివర, ఇంకేం చేయాలో తోచక, జన్మదిన శుభాకాంక్షలు అని చేర్చింది.

డిప్యూటీ గారు రెండుసార్లు చదివి, ఎప్పటిలాగే చాలా బాగుందన్నారు. ఒక్క మార్పే చేశారు. శుభాకాంక్షలు బడిలో వేసిన తేదీకి చెందుతాయా, రాతిమీది తేదీకి చెందుతాయా అన్నది స్పష్టంగా లేనందున, రేపు ఎవరైనా అప్పీలుకు వస్తారేమోనని, ఆ మాటను కొట్టేసి సంతకం పెట్టారు.